ఏటిని చదివిన ఊరు

చేప మెట్లెక్కుతుందా?

వింత ప్రశ్నే. కానీ థాయ్‌లాండ్‌లో ఓ ఆనకట్ట పక్కన చేపల కోసం నిజంగానే మెట్లు కట్టారు. ఒకదానిపైన ఒకటిగా కాంక్రీటు తొట్లు, వాటి మీంచి కిందికి జారే నీళ్లు. కింద నుంచి వచ్చిన చేప ఒక్కో తొట్టిలోకి ఎగిరి దూకుతూ పైకి చేరుకోవాలి. అదీ ఇంజినీర్ల ఆలోచన. అమెరికా, యూరప్ నదుల్లో సాల్మన్ చేప అలాగే ఎగురుతుంది మరి. మెకాంగ్ చేపల్లో చాలావాటికి ఆ విద్య రాదు. అవి ఎదురీదుతాయి, రాళ్ల సందుల్లోంచి దూరిపోతాయి, అలిసిపోతే మడుగులో ఆగి సేద తీరతాయి. అంతేగానీ సర్కస్ చెయ్యవు. ఈ సంగతి ఆ ఒడ్డున వల విసిరే ఎవర్ని అడిగినా చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

అడగనివాళ్ల కోసం ఆ పల్లెజనం ఏకంగా ఓ పరిశోధనే చేశారు. విశ్వవిద్యాలయం గడప తొక్కని చేపలవాళ్లు, వెదురుమొక్కలు ఏరుకునే ఆడవాళ్లు పరిశోధకులయ్యారు. చదువుకున్నవాళ్లు వాళ్ల పక్కన కూర్చుని రాసిపెట్టే సహాయకులయ్యారు. ఆ పద్ధతికి వాళ్ల భాషలోనే పేరు పెట్టారు... ‘తాయ్ బాన్’ పరిశోధన. ఈశాన్య థాయ్‌లాండ్ యాసలో తాయ్ బాన్ అంటే ఊరి మనుషులు. పల్లెటూరివాళ్లు అన్నమాట. నగరంలో ఎవరైనా ఆ మాట అంటే అందులో కొంచెం వెటకారం కూడా ధ్వనిస్తుంది. వాళ్లు దాన్నే గర్వంగా పుస్తకం అట్ట మీద వేసుకున్నారు.

రెండు రంగుల నీళ్లు

థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. దేశ జనాభాలో దాదాపు మూడోవంతు అక్కడే ఉంటారు. మాట్లాడేది లావోస్ భాషకి దగ్గరి మాట. తినేది జిగురన్నం. నేల అంతంతమాత్రం, కొన్నిచోట్ల అడుగున ఉప్పు. బ్యాంకాక్‌లో టాక్సీ నడిపేవాళ్లు, భవనాలు కట్టే కూలీలు, ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు... ఎక్కువమంది ఇక్కడివాళ్లే. రాజధాని దృష్టిలో ఈసాన్ అంటే కరవు, వలస, మొరటు యాస.

ఆ ప్రాంతం మధ్య నుంచి పారేది మూన్ నది. పడమటి కొండల్లో పుట్టి, తూర్పుగా వందల కిలోమీటర్లు నడిచి, ఉబోన్ రాచతానీ రాష్ట్రంలో ఖోంగ్ చియామ్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. సంగమం దగ్గర మెకాంగ్ నీళ్లు మట్టిరంగు, మూన్ నీళ్లు నీలిఛాయ. కొంతదూరం కలవకుండా పక్కపక్కనే పారతాయి. చూడ్డానికి పర్యాటకులు పడవలెక్కి వస్తారు. ‘రెండు రంగుల నది’ అని దానికి పేరు.

చేపలకి మాత్రం ఆ సంగమం రాజద్వారం. వానలు మొదలయ్యే వేళకి, కొన్ని జాతులైతే అంతకుముందే, మెకాంగ్ నుంచి గుంపులు గుంపులుగా మూన్‌లోకి తిరిగేవి. గుడ్లు పెట్టడానికి, మేతకి, ఎండల్లో తలదాచుకోవడానికి. గోదావరి వరదకి ఎదురీదుతూ సముద్రం నుంచి పులస వస్తుంది చూడండి, అలాంటి ప్రయాణమే. కాకపోతే ఇక్కడ ఒక పులస కాదు, డజన్లకొద్దీ జాతులు. సంగమానికి ఎగువన నదిలో యాభైకి పైగా రాతి ఉరవళ్లు ఉండేవి. వాటిని స్థానికులు ‘కేంగ్’ అంటారు. పరచుకున్న బండరాళ్లు, వాటి నడుమ సుడులు, పక్కన లోతైన మడుగులు. చేపలకి అంతకంటే మంచి చోటు లేదు.

ఆ ఒడ్డున పొలాలు తక్కువ. రాళ్ల నేల, వరి పెద్దగా పండదు. కాబట్టి చేపే వాళ్ల పంట. చేపని ఉప్పు, వేయించిన బియ్యప్పిండి లేదా తవుడు కలిపి జాడీల్లో నెలల తరబడి ఊరేస్తారు. మన ఇళ్లలో ఆవకాయ జాడీ ఎలాగో వాళ్లకి ఆ ‘ప్లా రా’ జాడీ అలాగ. ఆ జాడీలూ ఎండుచేపలూ తీసుకుని ఎగువ ఊళ్లకి వెళ్తే బదులుగా వడ్లు ఇచ్చేవాళ్లు. డబ్బుతో పని లేని బేరం. ప్రభుత్వం లెక్కల్లో అందుకే అది ఎక్కడా కనపడలేదు.

136 అనుకుంటే 21

సంగమానికి అయిదున్నర కిలోమీటర్ల ఎగువన పాక్ మూన్ ఆనకట్ట కట్టారు. పాక్ అంటే నోరు. నది నోటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట అన్నమాట. ఎత్తు 17 మీటర్లు, పొడవు సుమారు 300 మీటర్లు, 8 తలుపులు. థాయ్ విద్యుదుత్పత్తి సంస్థ కట్టింది, ప్రపంచబ్యాంకు 1991 డిసెంబరులో అప్పు మంజూరు చేసింది. 1994కి పూర్తయింది. మొదట వేసిన అంచనా 388 కోట్ల బాత్‌లు. తేలింది 650 కోట్ల పైచిలుకు. ఆనకట్ట లెక్కలు ఎక్కడైనా ఇంతే కాబోలు.

సామర్థ్యం 136 మెగావాట్లు అని రాశారు. అసలు సంగతి వేరు. ఎండాకాలంలో మూన్‌లో నీళ్లు చాలవు. వానాకాలంలో మెకాంగ్ పొంగి ఆనకట్ట కింద నీటిమట్టం పైకి లేస్తుంది. పైనా కిందా నీళ్లు సమానమైతే మరలు తిరగవు. ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000లో ఇచ్చిన నివేదికలో లెక్క తేల్చింది... కరెంటు బాగా అవసరమైన వేళ నమ్మకంగా ఇవ్వగలిగింది దాదాపు 21 మెగావాట్లే!

చేపల లెక్క ఇంకా బాధాకరం. ఆనకట్టకి ముందు ఆ నదీవ్యవస్థలో నమోదైన చేపజాతులు 265. తర్వాత ఆనకట్ట ఎగువన చేసిన సర్వేలో దొరికినవి 96. ఎగువన వలలో పడే చేపలు 60 నుంచి 80 శాతం తగ్గిపోయాయని అదే నివేదిక చెప్పింది. ఉరవళ్లు యాభై దాకా నీళ్ల కింద మునిగాయి. దాదాపు 1,700 కుటుంబాలు ఇళ్లో, పొలాలో, రెండూనో కోల్పోయాయి. చేపల మెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నష్టం పూడ్చడానికి నదిలో రొయ్యపిల్లలు వదిలారు. మన కోస్తా రైతులకి బాగా తెలిసిన నీలకంఠ రొయ్య. అది మంచినీళ్లలో పెరుగుతుందిగానీ దాని పిల్ల బతికి బట్టకట్టాలంటే ఉప్పునీటి జాడ ఉండాలి. సముద్రానికి అంత దూరంలో ఉన్న నదిలో అది సంతతిని ఎలా పెంచుతుంది? ఏటా కొత్త పిల్లల్ని తెచ్చి పొయ్యడమే. భీమవరంలో ఏ హేచరీ కుర్రాణ్ని అడిగినా చెప్పేవాడు.

ఆనకట్ట కట్టిన మూడేళ్లలో చేపలు పట్టుకోలేకపోయినందుకు 6,202 కుటుంబాలకి తలా 90 వేల బాత్‌లు పరిహారం లెక్కగట్టారు. మూడేళ్లకే. ఆ తర్వాతి ఏళ్ల మాటేమిటని అడిగితే జవాబు లేదు. నష్టం నిరూపించమన్నారు. ఎన్ని కిలోలు పట్టారు, ఎంతకమ్మారు, రసీదులేవి అంటే జాడీకి వడ్లు మార్చుకున్నవాళ్లు ఏం చూపిస్తారు?

ఒడ్డున పుట్టిన ఊరు

వాళ్లు ఊరుకోలేదు. 1995 చివర్లో దేశంలోని పేదల సంఘాలన్నీ కలిసి ‘పేదల సభ’గా ఏర్పడ్డాయి. ఆనకట్టల బాధితులు, అడవి నుంచి వెళ్లగొట్టినవాళ్లు, ఫ్యాక్టరీ పొగకి జబ్బుపడ్డ కార్మికులు... అందరిదీ ఒకే గొడుగు. 1997లో వేలమంది బ్యాంకాక్ వెళ్లి ప్రధాని కార్యాలయం ఎదుట 99 రోజులు కూర్చున్నారు. 1999 మార్చిలో ఆనకట్ట దగ్గరే గుడిసెలు వేసుకుని ఊరు కట్టేశారు. ఆ ఊరికి ‘మే మూన్ మన్ యూన్’ అని పేరు పెట్టుకున్నారు. మూన్ తల్లి కలకాలం నిలవాలని దాని అర్థం.

వాళ్ల వెంట నిలిచిన పెద్దదిక్కు వనిదా తంతివిత్తయాపితక్. డెబ్భయిల్లో విద్యార్థి ఉద్యమంలో తిరిగిన మనిషి. ముద్దుపేరు ‘మోత్’, అంటే చీమ. పేరుకి తగ్గట్టే పట్టిన పని వదల్లేదు. 2007 డిసెంబరులో క్యాన్సర్‌తో చనిపోయేదాకా ఆ ఊళ్ల మధ్యే ఉంది.

2001లో కొత్తగా వచ్చిన తక్సిన్ ప్రభుత్వం ఓ మెట్టు దిగింది. తలుపులెత్తుతాం, ఏం జరుగుతుందో అధ్యయనం చేయిద్దాం అంది. జూన్‌లో ఎనిమిది తలుపులూ లేచాయి. అధ్యయనం బాధ్యత ఉబోన్ రాచతానీ విశ్వవిద్యాలయానికి అప్పగించారు.

ఇక్కడే ఊరివాళ్లకి పాత అనుభవం గుర్తొచ్చింది. ఎవరో వస్తారు, ప్రశ్నల కాగితం తీస్తారు, నెలకి ఎంత ఆదాయం అంటారు, గళ్లలో టిక్కులు పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ గళ్లలో ప్లా రా జాడీకి చోటుండదు. మడుగులో పడుకునే చేపకి చోటుండదు. తర్వాత ఆ కాగితాల్లోంచి ఓ నివేదిక పుడుతుంది, దాన్ని చూపించి వాళ్ల జీవితం మీద తీర్పు చెబుతారు. ఈసారి ఆ పని మనమే ఎందుకు చెయ్యకూడదు?

చేప పేరు ఎవరు చెప్పాలి?

ఆగ్నేయాసియా నదుల సమితి అనే స్వచ్ఛంద సంస్థ తోడు నిలిచింది. చైనరాంగ్ సేత్థచువా అప్పుడు దాన్ని నడిపేవారు. ఏయే విషయాలు పరిశోధించాలో ఊళ్లు కూర్చుని తేల్చుకున్నాయి. చేపలు, నదిలోని రకరకాల చోట్లు, వలలూ మావులూ, ఒడ్డున మొలిచే కూరాకులూ తోటలూ, బతుకుతెరువు, పండగలూ నమ్మకాలూ. ఒక్కో విషయానికి అందులో చెయ్యితిరిగినవాళ్లని ఊరే ఎంచుకుంది. డిగ్రీ అక్కర్లేదు. మడుగు లోతు ఏ నెలలో ఎంతో చెప్పగలిగితే చాలు.

పని తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వల లాగి ఒడ్డుకి రాగానే చేపల్ని వరసగా పరుస్తారు. సహాయకులు ఫొటో తీస్తారు. ఇది ఏ చేప? ఎక్కడ దొరికింది, ఉరవడిలోనా మడుగులోనా? ఏ వలకి? ఏ నెలలో వస్తుంది, ఏం తింటుంది, గుడ్లెక్కడ పెడుతుంది? మెకాంగ్ నుంచి వచ్చేదా, ఇక్కడే ఉండేదా? జవాబులన్నీ రాసుకుంటారు. ఒకే చేపకి ఓ ఊళ్లో ఓ పేరుంటే పక్కూళ్లో ఇంకో పేరు. సముద్రంలో విలస అన్నదే నదికెక్కితే పులస అయినట్టు. అందుకే ఒకరు చెప్పింది అక్కడితో వదలరు. ఫొటోలు పట్టుకుని పదిమంది మధ్య పెడతారు. వాదులాట జరుగుతుంది. కాదంటే కాదని ఓ ముసలాయన, నా చిన్నప్పుడు మా నాన్న పట్టాడని ఇంకొకాయన. అందరూ ఒప్పుకున్నాకే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. పరిశోధక పత్రికల్లో తోటి పండితులు తప్పులు పడతారే, ఇక్కడ తోటి చేపలవాళ్లు ఆ పని చేశారు. మొహమాటం లేనివాళ్లు కాబట్టి ఇంకాస్త గట్టిగానే పట్టి ఉంటారు.

ఇలాంటి తెలివిడి ఎంత లోతుగా ఉంటుందో చెప్పడానికి థాయ్‌లాండ్‌లో అందరికీ తెలిసిన ఓ చేప ఉంది. ‘ప్లా బా’. అంటే పిచ్చి చేప. వరదకి చెట్లు మునిగినప్పుడు నీళ్లలో రాలిన కాయలు తింటుంది. వాటిల్లో ఒకటి, ఒకప్పుడు కుష్ఠుకి మందుగా వాడిన చాల్‌మోగ్రా జాతి చెట్టు కాయ. ఆ కాయ తిన్న చేపని మనిషి తింటే తల తిరుగుతుంది. మరి ఆ చేపని ఎప్పుడు తినాలి, ఎప్పుడు మానాలి? చెట్టు ఎప్పుడు కాస్తుందో, నది ఎప్పుడు పొంగుతుందో, చేప ఎక్కడ తిరుగుతుందో మూడూ తెలిసినవాడే చెప్పగలడు. వృక్షశాస్త్రం ఒక శాఖ, మత్స్యశాస్త్రం ఇంకో శాఖ అయినచోట ఆ మూడూ ఒకే బుర్రలో ఉండటం అరుదు.

పుస్తకంలోకి నది కూడా ముక్కలుముక్కలుగా ఎక్కింది. మ్యాపులో అది ఓ నీలిగీత. ఊరివాళ్లకి అలా కాదు. ఉరవడి వేరు, మడుగు వేరు, ఇసుకతిన్నె వేరు, లంక వేరు, నీటికింది రాతిగుహ వేరు. ఒక్కోదానికి ఓ పేరు, ఓ చేప, ఓ వల. ఆనకట్ట కట్టినప్పుడు ఇవన్నీ కలిపి ‘జలాశయం’ అనే ఒకే ఒక్క మాట అయిపోయాయి.

ఆడవాళ్ల వాటా ఇక్కడ తక్కువేం కాదు. పడవ మీద మగవాళ్లు ఎక్కువగా కనిపిస్తారుగానీ ఒడ్డు సంగతులు ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి. వరద తీసిన ఒండ్రులో కూరగాయలు వేసేది, ఒడ్డు అడవిలో పుట్టగొడుగులు, వెదురుమొక్కలు ఏరేది, చేప ఊరవేసేది, సంతకి మోసేది వాళ్లే. నష్టపరిహారం లెక్కల్లో ఇవేవీ రాలేదు. ఊరి పరిశోధనలో వచ్చాయి.

తలుపులు తెరిచిన ఆ ఏడాదిలో తిరిగొచ్చిన చేపజాతులు ఊరివాళ్ల లెక్క ప్రకారం 156. అటక మీద పారేసిన మావులు, వలలు దించి బాగుచేసుకున్నారు. పనికోసం పట్నం పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. బండలు బయటపడ్డాయి. 2002 ఏప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరం సంక్రాన్ పండక్కి జనం మళ్లీ కేంగ్ రాళ్ల మీద చేరారు. ఆ ఏడే థాయ్ భాషలో నివేదిక వచ్చింది. చేపలవాళ్ల పునరాగమనం గురించి చెప్పే పుస్తకం అది. 2004లో ఇంగ్లిష్‌లోనూ వేశారు.

రెండు నివేదికలు, ఒక సంతకం

ఆశ్చర్యం ఏమిటంటే, విశ్వవిద్యాలయం అధ్యయనం కూడా దాదాపు అటే మొగ్గింది. నాలుగు మార్గాలు చూపించి, అయిదేళ్లపాటు ఏడాది పొడుగునా తలుపులు తెరిచి ఉంచడం మేలని సూచించింది. పండితులూ పల్లెవాళ్లూ ఒకే మాట మీదికి వచ్చారు. ఇంకేం కావాలి?

ప్రభుత్వానికి ఇంకేదో కావాల్సివచ్చింది. 2002 చివర్లో మంత్రివర్గం తేల్చింది... ఏడాదికి నాలుగు నెలలు తెరుస్తాం, ఎనిమిది నెలలు మూసేస్తాం. ఆ డిసెంబరులో నిరసన ఊరు మీద దాడి జరిగి గుడిసెలు తగలబడ్డాయి. తర్వాత మరో సర్వే చేయించారు, నిర్ణయం మాత్రం మారలేదు.

నాలుగు నెలలంటే సగం న్యాయంలా వినిపిస్తుంది. ఊరివాళ్ల పరిశోధన చూస్తే అందులో మెలిక అర్థమవుతుంది. చేపలన్నీ ఒకే రైలెక్కి రావు. కొన్ని వానలకి ముందే బయల్దేరతాయి, కొన్ని వరదతో వస్తాయి, వరద తీశాక తిరిగి మెకాంగ్‌కి దిగేవి ఇంకొన్ని. రాను దారిచ్చి, పోను తలుపు మూస్తే? ఒడ్డు తోటలకి, బండలకి కావాల్సింది ఎండాకాలం తక్కువ నీళ్లు. ఆ వేళకి తలుపులు మూసే ఉంటాయి.

ఆ తర్వాత ప్రభుత్వాలు ఎన్నో మారాయి. ఏ నెలలో తెరవాలి, నీటిమట్టం ఎంతుండాలి అన్న తగువు ఏళ్ల తరబడి నడుస్తూనే వచ్చింది.

ఊరి పరిశోధన మీద విమర్శలూ ఉన్నాయి. వాటిని తోసెయ్యలేం. తలుపులు తెరవాలని పోరాడేవాళ్లే పరిశోధన చేస్తే ఇంకో జవాబు ఎలా వస్తుంది అన్నది మొదటిది. నిజమే. కానీ కట్టిన సంస్థ చేయించిన అధ్యయనాలకీ అదే ప్రశ్న వెయ్యాలి కదా. ఆ ప్రశ్న మాత్రం పేదవాడి దగ్గరే గుర్తొస్తుంది. రెండోది ఇంకొంచెం గట్టిది. ఊరంటే ఒకే గొంతు కాదు. అదే నది ఒడ్డున తలుపులు మూసి ఉంచమన్నవాళ్లూ ఉన్నారు. నిండిన నీళ్లు తోడుకుని పొలం తడుపుకునేవాళ్లు, ఊరిపెద్దల మాట వినేవాళ్లు. వాళ్ల గొంతు ఈ పుస్తకంలో సన్నగానే వినిపిస్తుంది. చేపల సంఖ్య, బరువు లెక్కలు శాస్త్రవేత్తలు కోరే పద్ధతిలో లేవని మూడో మాట. ఊరివాళ్లు ఆ పని తమది కాదనే అన్నారు. ఎన్ని కిలోలు అన్నది కాదు, ఏం పోయింది, ఏం తిరిగొచ్చింది అన్నది చెప్పడమే వాళ్ల ఉద్దేశం.

పక్క నదులకి పాకింది

పాక్ మూన్‌లో గెలవని పద్ధతి పక్క నదులకి ఎలా పాకిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది. సాంగ్‌ఖ్రామ్ నది దగ్గర, ఏటా వరదకి మునిగే అడవుల గురించి ఊరివాళ్లే రాశారు. ఆ దిగువ సాంగ్‌ఖ్రామ్ ప్రాంతం 2019లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. సాల్వీన్ ఒడ్డున కరెన్లు రాశారు. తమని తాము ప్గాకెన్యో అని పిలుచుకునే కొండజాతి అది. అందులో చాలామందికి థాయ్ పౌరసత్వం కాగితాలే సరిగా లేవు. అలాంటివాళ్లు మా చేప ఇది, మా అడవి ఇది, మా పొలం తిరిగే క్రమం ఇది అని అచ్చులో చూపించడం చిన్న సంగతేం కాదు. సరిహద్దు దాటి కంబోడియాలోని స్టుంగ్ ట్రెంగ్‌లో ‘సాలా ఫూమ్’ పేరుతో అదే పని జరిగింది.

అన్నిటికంటే పెద్ద కథ చియాంగ్ ఖోంగ్‌ది. ఉత్తరాన, మెకాంగ్ ఇటు థాయ్‌లాండ్, అటు లావోస్‌గా పారే చోట ఉన్న చిన్న పట్నం. బరువులో గేదెతో పోటీపడే జెల్లజాతి చేప ‘ప్లా బ్యూక్’ కి పేరున్న రేవు. 2005లో ఆ ప్రాంతంలో పట్టిన ఒక చేప 293 కిలోలు తూగింది! 2000లో చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్ నౌకాయానం గురించి ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం వెనకే, పెద్ద సరుకు ఓడలు రావడానికి నదిలోని రాతి ఉరవళ్లని పేల్చే పథకం వచ్చింది. ఎగువన పేల్చారు కూడా. చియాంగ్ ఖోంగ్ దగ్గరున్న ఖోన్ పీ లువాంగ్ ఉరవడి వంతు రాబోతుండగా ఊరు అడ్డం తిరిగింది.

ముందు నిలిచింది బడిపంతులు నివత్ రాయ్‌కేవ్. అందరూ ‘క్రూ తీ’ అంటారు, తీ మాస్టారు అన్నమాట. పేల్చాలనేవాళ్ల కాగితాల్లో ఆ రాళ్లు ‘అడ్డంకులు’. ఊరివాళ్ల తాయ్ బాన్ పరిశోధనలో ఆ రాళ్లకీ మడుగులకీ ఇసుకకీ పాయలకీ వేరువేరు పేర్లు, వేరువేరు ప్రాణులు. ఎండాకాలం రాళ్ల మీద ‘కాయ్’ అనే పచ్చని నాచు మొలుస్తుంది. ఆడవాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి దాన్ని ఏరతారు. కడిగి, నువ్వులు చల్లి, పల్చగా ఎండబెట్టి వేయించుకుంటారు. మన అప్పడంలా. సంతలో అమ్మితే ఆ సీజన్‌కి ఇంటిఖర్చులు గడుస్తాయి. రాయి పోతే నాచు పోతుంది, నాచు పోతే దాన్ని మేసే చేప పోతుంది. ఇంజినీరు కాగితంలో లేని ఈ గొలుసు ఊరి కాగితంలో ఉంది.

2003లో థాయ్ ప్రభుత్వం ఆ పని ఆపింది. 2016 డిసెంబరులో మళ్లీ తలుపు తీసింది. సర్వే పడవలు వచ్చాయి. ఊరివాళ్లు ఈసారి ఖాళీ చేతుల్తో లేరు. కాగితాలున్నాయి, పేర్లున్నాయి. బహిరంగ సమావేశాల్లో కంపెనీ ప్రతినిధుల ఎదుట కూర్చుని ఒక్కో రాయి గురించీ మాట్లాడగలిగారు. 2020 ఫిబ్రవరిలో థాయ్ మంత్రివర్గం ఆ పథకాన్ని రద్దు చేసింది. 2022లో నివత్ మాస్టారికి గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది.

అలాగని మెకాంగ్ క్షేమంగా ఉందని కాదు. ఎగువన చైనా ఆనకట్టలు నీళ్లు వదిలే తేదీలని బట్టి నది పొంగుతోంది, తగ్గుతోంది. ఎండాకాలంలో రాత్రికి రాత్రి మట్టం పెరిగితే నాచు మొలవదు, ఇసుకతిన్నె మీద పెట్టిన పక్షిగుడ్లు కొట్టుకుపోతాయి. క్రూ తీ చియాంగ్ ఖోంగ్‌లో ‘మెకాంగ్ స్కూల్’ అని ఓ బడి పెట్టారు. పిల్లలు అక్కడికి వచ్చి ఊరివాళ్లు రాసిన నదిని నేర్చుకుంటారు. పక్కనే నది ఉంటుంది, వెళ్లి సరిచూసుకోవచ్చు.

మూన్ ఒడ్డున మాత్రం చేపలవాళ్లు ఏటా వానలకి ముందు ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు. ఈసారి తలుపులు ఎప్పుడు తీస్తారు? చేపల మెట్లు అక్కడే ఉన్నాయి.